కొత్త చేపకు కొన్నాళ్ళ ఏకాంతవాసం

ఉప్పునీటి అక్వేరియం ఉన్న ఇంటికి కొత్త చేప వచ్చిన రోజు పండుగ రోజే. గాలి నింపి కట్టిన ప్లాస్టిక్ సంచిలో కాసిని నీళ్ళు, ఆ నీళ్ళలో నారింజ రంగు ఒంటిమీద తెల్లని పట్టీలు చుట్టుకున్న ఒక క్లౌన్ చేప. లేదా నీలి పట్టు మీద నల్లని అంచు దిద్దినట్లుండే ఒక టాంగ్ చేప. దుకాణం నుంచి వచ్చే దారిలోనే పిల్లలు దానికి పేరు కూడా పెట్టి ఉంటారు. ఇల్లు చేరగానే సంచిని తొట్టి నీటిపై కాసేపు తేలనిచ్చి, లోపలి నీటి వేడీ బయటి నీటి వేడీ సమానమైన తరువాత చేపను మిగిలిన చేపలలో కలిపివేయడం సాధారణంగా జరిగే పని. అనేక పర్యాయాలు ఇందువల్ల ఏ కీడూ జరగదు. జరిగిన పర్యాయం మాత్రం నష్టం ఆ ఒక్క చేపతో పోదు. రెండు మూడు వారాలు తిరగకముందే, ఏళ్ళ తరబడి పెంచుకున్న పాత చేపలు ఒకదాని వెంట ఒకటి తేలిపోతాయి. చిత్రమేమంటే, రోగాన్ని మోసుకొచ్చిన కొత్త చేప ఒక్కొక్కప్పుడు అన్నిటికన్న చివరిదాకా బ్రతికి ఉంటుంది.

కొత్త చేపను కొన్ని వారాలు వేరే తొట్టిలో ఒంటరిగా ఉంచి ఆ తరువాతనే ప్రధానమైన తొట్టిలోకి వదలాలని అనుభవజ్ఞులందరూ చెబుతారు. వినేవారు తల ఊపుతారు, ఆచరించేవారు తక్కువ. చేప చలాకీగా ఈదుతున్నది, వేసిన మేత తింటున్నది, ఒంటిమీద మచ్చ లేదు, మరి ఇంకా ఎందుకు ఆగాలన్నది వారి ప్రశ్న. ఈ ప్రశ్నకు సమాధానం చేప ఒంటిమీద లేదు. పరాన్నజీవి జీవితచక్రంలో ఉన్నది. కంటికి కనిపించే ఆరోగ్యాన్ని బట్టి కాక, కంటికి కనిపించని జీవి పంచాంగాన్ని బట్టి గడువు పెట్టుకోవాలన్నదే ఏకాంతవాసంలోని అసలు సూత్రం.

క్వారంటైన్ అనే మాట 2020 తరువాత మన పల్లెల్లో సైతం వాడుకమాట అయింది. దాని పుట్టుక పాతది. 1377లో ఏడ్రియాటిక్ సముద్రతీరంలోని రగూసా నగరం (నేటి డుబ్రొవ్నిక్) ప్లేగు ఉన్న ప్రాంతాల నుంచి వచ్చేవారు 30 రోజులు వెలుపలనే ఉండాలని శాసించింది. తరువాతి కాలంలో ఆ గడువు 40 రోజులైంది. ఇటాలియన్ భాషలో నలభైకి 'క్వారంటా' అని పేరు. మాట అక్కడినుంచి వచ్చింది. 1423లో వెనిస్ నగరం ఇందుకోసం ఒక ద్వీపాన్నే కేటాయించింది. అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి రాకపోకలు మాన్పించిన మన పెద్దలకు, సంతలో కొన్న ఎద్దును నాలుగు రోజులు విడిగా కట్టివేసిన మన రైతుకు కూడా ఈ సంగతి తెలియనిది కాదు. అయితే ఆ రోజుల్లో నలభై అన్న సంఖ్యకు రోగకారకం గురించిన జ్ఞానం ఆధారం కాదు. అది ఎవరికీ తెలియదు. చేపల విషయంలో మనకు ఆ జ్ఞానం ఉన్నది. అది లభించిన చోటు కూడా ఒక అక్వేరియమే.

లండన్ జంతుప్రదర్శనశాలలో 1853లో ప్రజల కోసం చేపల గృహం తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ ప్రచురించిన పుస్తకంతో అక్వేరియం అనే మాట లోకంలో స్థిరపడింది. మన మద్రాసు మెరీనా తీరాన కూడా 1909లోనే సముద్రజీవుల ప్రదర్శనశాల వెలిసింది. లండన్‌లో 1924లో ఇంకా పెద్ద అక్వేరియం ప్రారంభమైంది. వేరువేరు సముద్రాల చేపలను ఒకే చోట చేర్చడంతో, సముద్రంలో ఎవరూ గమనించని రోగాలు అక్కడ బయటపడ్డాయి. బ్రౌన్ అనే శాస్త్రజ్ఞురాలు 1931లో, సముద్రపు చేపల మొప్పలమీద, చర్మంమీద బ్రతికే ఒక ఏకకణజీవిని వర్ణించారు. నేడు దానిని అమైలోఊడినియం ఒసెల్లాటం అంటున్నారు. ఉప్పునీటి చేపలకు తెల్లమచ్చలు తెప్పించే మరొక జీవికి, క్రిప్టోకారియన్ ఇరిటాన్స్ అన్న పేరు 1951లో వచ్చింది. జపాన్‌లో సికామా అనే శాస్త్రజ్ఞుడు 1937లోనే దానిని వర్ణించాడు గాని, మంచినీటి చేపలలో తెల్లమచ్చలు కలిగించే జీవికి దగ్గరి చుట్టమని భావించి ఆ ప్రజాతిలోనే చేర్చాడు. ఆ పోలిక పైపైదేనని తరువాత తేలింది. మంచినీటి చేపకు మచ్చలొస్తే నీటిలో కాస్త ఉప్పు వేసే అలవాటు చాలామందికి ఉన్నది. ఉప్పునీటిలోనే పుట్టి పెరిగే ఈ జీవికి మరికొంత ఉప్పు వేసి భయపెట్టలేమని వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడే ఒక మాట. తెల్లమచ్చ అనగానే ఆంధ్ర తీరంలోని పాఠకులకు 1994-95 నాటి రొయ్యల చెరువులు గుర్తుకు వస్తాయి. నెల్లూరు ప్రాంతంలో ఎందరో రైతులను ముంచిన ఆ తెల్లమచ్చల వ్యాధి వైరస్ వల్ల వచ్చేది. చేపల తెల్లమచ్చతో దానికి పేరులో తప్ప బంధుత్వం లేదు. కాని, ఆ అనుభవం నేర్పిన పాఠం మాత్రం ఒకటే. 2009 నుంచి మన దేశానికి వెనామీ తల్లిరొయ్యలు విదేశాలనుంచి దిగుమతి అయ్యేటప్పుడు మద్రాసు నగర శివారు నీలాంకరైలోని జలచరాల క్వారంటైన్ కేంద్రం గుండా వెళ్ళి, పరీక్షలలో నెగ్గితేనే హేచరీలకు చేరుతున్నాయి. కోట్ల రూపాయల వ్యాపారం గుమ్మంలో చేసే ఆ పనిని, నాలుగడుగుల గాజుతొట్టి యజమాని తన గుమ్మంలో చేయాలన్నమాట.

ఇక క్రిప్టోకారియన్ కథ. దీని జీవితంలో నాలుగు ఘట్టాలున్నాయి. మొదట అది నీటిలో ఈదుకుంటూ చేపకోసం వెదికే సూక్ష్మమైన జీవి. ఒళ్ళంతా సన్నని నూగువంటి శైలికలుంటాయి. వాటిని ఆడిస్తూ ముందుకు పోతుంది. ఒకటి రెండు రోజులలో, తరచుగా మొదటి కొన్ని గంటలలోనే, చేప దొరకకపోతే చచ్చిపోతుంది. దొరికితే చర్మం పైపొరను తొలుచుకుని లోపల చేరి, ఆ కణాలనే తింటూ గుండ్రంగా తిరుగుతూ పెరుగుతుంది. మనం తెల్లమచ్చ అని చూసేది అప్పటి దాని స్వరూపమే. గుండుసూది మొన అంత ఉంటుంది. మూడు నుంచి ఏడు రోజులు అక్కడ మేసి, బలిసి, చేపను విడిచి నీటి అడుగుకు జారుతుంది. కొన్ని గంటలు ఇసుకమీద, రాళ్ళమీద పాకి, అనుకూలమైన చోట చుట్టూ గట్టి కోశం కట్టుకుంటుంది. ఆ కోశం లోపల విభజన మొదలవుతుంది. ఒకటి రెండై, రెండు నాలుగై, చివరకు రెండువందలకు పైగా పిల్లలు తయారై, కోశం పగిలి నీటిలోకి వస్తాయి. మళ్ళీ చేపకోసం వెదుకులాట.

ఈ కథలో మన కంటిని మోసం చేసే ఘట్టం ఒకటున్నది. మచ్చలు కనిపించిన నాలుగైదు రోజులకు అవి మాయమవుతాయి. యజమాని ఊపిరి పీల్చుకుంటాడు. ఏదైనా మందు వేసి ఉంటే ఆ మందు మహిమ అనుకుంటాడు. నిజానికి పరాన్నజీవి మేత ముగించుకుని తన దారిన తాను దిగిపోయింది, అంతే. రెండవ విడత మచ్చలు వచ్చేసరికి లెక్క మారిపోయి ఉంటుంది. ఒక్క కోశంలోనుంచి వెలువడిన రెండువందల పిల్లలలో పదింట ఒకటి మాత్రమే చేపను చేరిందనుకుందాం. అంటే ఒక మచ్చ స్థానంలో ఇరవై. అదే లెక్కన మూడవ విడతకు నాలుగువందలు, నాలుగవ విడతకు ఎనిమిదివేలు. అనంతమైన సముద్రంలో ఈ లెక్క ఇట్లా సాగదు. అక్కడ పిల్లలు పుట్టేసరికి చేప మరెక్కడో ఉంటుంది. నూటికి తొంభైతొమ్మిది ఆకలితో చస్తాయి. నాలుగడుగుల తొట్టిలో చేప ఎక్కడికి పోతుంది?

పరిశోధకులు గమనించిన మరొక విశేషం నిజంగా ఆశ్చర్యం కలిగిస్తుంది. ఈ జీవులు చేపను విడిచిపెట్టేది ఎక్కువగా చీకటివేళ; కోశాలు పగిలి పిల్లలు బయటికి వచ్చేది కూడా తెల్లవారకముందే. ఆ వేళకు చేపలు రాళ్ళ సందుల్లో, ఇసుకకు చేరువగా కదలక నిద్రిస్తుంటాయి. అడుగున పుట్టిన ఆకలిజీవికి ఆహారం అక్కడే పడుకుని ఉంటుంది. లక్షల ఏళ్ళ పరిణామం ఇంత చక్కగా కుదిర్చిన ఏర్పాటును, పగలు తొట్టి ముందు నిలబడి ఒకసారి చూసి పసిగట్టగలమనుకోవడం దురాశే.

కోశం ఎన్నాళ్ళకు పగులుతుందన్నదే గడువుకు కీలకం. తొందరపడేవి మూడు రోజులకే పగులుతాయి. తక్కినవి అన్నీ ఒకేసారి పగలవు. ఎక్కువ భాగం నాలుగు వారాలలోపు, కొన్ని మాత్రం ఇంకా ఆలస్యంగా తెరుచుకుంటాయి. 72 రోజులకు పగిలిన కోశాలు కూడా శాస్త్రగ్రంథాలకెక్కాయి. రోగం వచ్చిన తొట్టిలోనుంచి చేపలన్నిటినీ తీసివేసి 76 రోజులు ఖాళీగా ఉంచాలని అక్వేరియం పెంపకందార్లు చెప్పే లెక్క ఇందులోనుంచే వచ్చింది. పొలాన్ని బీడు పెట్టినట్లు తొట్టిని బీడు పెట్టడమన్నమాట. చేప లేకపోతే పుట్టిన పిల్లకు తిండి లేదు. పగడాలు, రొయ్యలు, నత్తలు అక్కడే ఉండవచ్చు. వాటి మాంసం దానికి పనికిరాదు.

తెల్లమచ్చకన్న భయంకరమైనది అమైలోఊడినియం. ముఖమల్ మీద పుప్పొడి చల్లినట్లు కనిపించడంవల్ల దీనిని వెల్వెట్ వ్యాధి అంటారు. కాని చాలాసార్లు అంతవరకు రానేరాదు. ముందుగా మొప్పలను పట్టుకుని, ఒంటిమీద ధూళి కనిపించేలోగానే చేపకు ఊపిరాడకుండా చేస్తుంది. నిన్న మేత తిన్న చేప నేడు నీటి ధార దగ్గర నిలబడి రొప్పుతుంటే అనుమానించవలసింది దీనినే. ఒక్కొక్క జీవి కోశంలో 256 వరకు పిల్లలుగా విడిపోగలదు. ఆహారం లేకుండా అవి కొన్ని రోజులు బ్రతికి ఉండగలవు. పైగా ఉప్పు బాగా తగ్గించిన నీటిలోను ఇది నిక్షేపంగా ఉంటుంది.

మరికొన్ని కూడా ఉన్నాయి. 1970లో శాస్త్రజ్ఞులు వర్ణించిన బ్రూక్లినెల్లా అనే జీవికి క్లౌన్ చేపలంటే ప్రత్యేకమైన మక్కువ. చర్మంమీదనే రెండుగా చీలి పెరుగుతుంది గనుక దానికి కోశాల గొడవ లేదు, రోజుల్లోనే ప్రాణం తీస్తుంది. చదునైన పురుగులవంటి ఫ్లూక్‌లు చేప ఒంటిమీద పారదర్శకంగా అతుక్కుని ఉంటాయి. అలాంటి చేపను వేడి, ఆమ్లక్షారతలు సరిచేసిన మంచినీటిలో అయిదు నిమిషాలు ఉంచితే ఆ పురుగులు తెల్లబడి, రాలి, గిన్నె అడుగున బియ్యపు నూకల్లా కనిపిస్తాయి. అప్పటిదాకా చేప మీద ఏమీ లేదని వాదించినవారు అప్పుడు మాట్లాడరు. అయితే వాటి గుడ్లు మంచినీటికి చావవు. ప్రాజిక్వాంటెల్ వంటి మందుకు కూడా లొంగవు. అందువల్ల గుడ్లు పగిలేదాకా ఆగి మందు మళ్ళీ వేయవలసి వస్తుంది.

ఇన్ని పరాన్నజీవులు దుకాణపు చేపలలోనే ఎందుకుంటాయన్న సందేహం రావచ్చు. మంచినీటి అలంకార చేపలు చాలామట్టుకు చెరువుల్లో పెంచినవి. ఉప్పునీటి చేపలు అట్లా కాదు. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపలను తొట్లలోనే గుడ్లు పెట్టించి పిల్లలను పెంచే పద్ధతులు రూపొందించింది గాని, లోకం మొత్తంమీద ఈ వ్యాపారంలోని జాతులలో అధిక భాగం ఇప్పటికీ పగడపు దిబ్బలలో వల వేసి పట్టినవే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమానికి చెందిన సంస్థ 2003లో ప్రకటించిన నివేదిక ప్రకారం ఏటా రెండుకోట్ల నుంచి రెండుకోట్ల నలభై లక్షల సముద్రపు చేపలు, 1,471 జాతులవి, ఈ వ్యాపారంలో చేతులు మారుతున్నాయి. ఫిలిప్పీన్స్‌లోనో ఇండొనేషియాలోనో పట్టిన చేప, పట్టినవాడి బుట్టలోనుంచి ఎగుమతిదారు తొట్టికి, అక్కడినుంచి విమానంలో టోకు వర్తకుడికి, అతని దగ్గరనుంచి చిల్లర దుకాణానికి వస్తుంది. ప్రతి మజిలీలోను వేర్వేరు చోట్లనుంచి వచ్చిన చేపలు ఒకే నీటిలో కలుస్తాయి. దుకాణంలో వరుసగా పేర్చిన ఇరవై గాజుతొట్లు చూడటానికి ఇరవై ఇళ్ళు. చాలాచోట్ల వాటి అడుగున ఒకటే గొట్టం, ఒకటే ఫిల్టర్, ఒకటే నీరు. మీరు ఎంచుకున్న చేప ఒంటరిగా ఉన్నా, తక్కిన పందొమ్మిది తొట్ల నీరు అది తాగినట్లే. ప్రయాణపు బడలికతో, ఆకలితో దాని రోగనిరోధకశక్తి అప్పటికే సన్నగిల్లి ఉంటుంది.

దుకాణదారు రెండు వారాలు తన దగ్గర ఉంచానని హామీ ఇవ్వవచ్చు. అతడు అబద్ధమాడుతున్నాడని నేననను. కాని ఆ రెండు వారాలలో అదే నీటిలోకి మరొక కొత్త సరుకు దిగి ఉంటే, ఆ లెక్క తిరిగి ఒకటవ రోజునుంచి మొదలవుతుంది.

ఏకాంతవాసపు తొట్టి చాలా సాదాగా ఉండాలి. సాధారణ పరిమాణం గల చేపకు నలభై నుంచి ఎనభై లీటర్ల గాజుతొట్టి సరిపోతుంది. అడుగున ఇసుక ఉండకూడదు, రాళ్ళు ఉండకూడదు. అవి పరాన్నజీవుల కోశాలకు పుట్టిళ్ళు, మందును పీల్చేవి కూడా అవే. చేప దాగడానికి ప్లంబింగు దుకాణంలో దొరికే పి.వి.సి. గొట్టపు ముక్కలు, మోచేతి మలుపులు నాలుగు వేస్తే చాలు. చూపుకు అందం లేకపోయినా చేపకు ధైర్యం. ఒక హీటర్, ఒక థర్మామీటర్, గాలిపంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్, పైన గట్టి మూత. భయపడిన సముద్రపు చేప ఎగిరి నేలమీద పడటం ఎంత తేలికో మూత పెట్టనివారికి తెలుస్తుంది.

నా ఉద్దేశంలో ఈ తొట్టిలో చేపలను చంపేది పరాన్నజీవికన్న ఎక్కువగా అమ్మోనియా. చేప విసర్జించే అమ్మోనియాను హానిలేని పదార్థంగా మార్చే సూక్ష్మజీవులు కొత్త స్పాంజిలో ఉండవు. అందువల్ల చేపను కొనడానికి మూడు నాలుగు వారాల ముందే స్పాంజిని ప్రధానమైన తొట్టి ఫిల్టర్ గదిలో పడవేసి ఉంచాలి. ఆ సూక్ష్మజీవులు దానిలో కాపురం పెడతాయి. చేప వచ్చాక రోజూ అమ్మోనియా పరీక్ష చేయాలి, మిగిలిన మేతను ఎప్పటికప్పుడు తీసివేయాలి, అవసరమైతే నీటిలో కొంత భాగం మార్చాలి. ఏకాంతవాసం చేపలకు కష్టం కలిగిస్తుందని, అందుకే తాము దానికి వ్యతిరేకమని చెప్పేవారు కొందరున్నారు. వారి వాదనలో సత్యం లేకపోలేదు. అయితే ఆ కష్టం చాలాసార్లు ఏకాంతంవల్ల కాదు, మురికినీటివల్ల.

ఇక ఎన్నాళ్ళు, ఏ విధంగా? కనీసం నాలుగు వారాలు, వీలైతే ఆరు వారాలు. ఆ కాలమంతా చూస్తూ ఊరుకోవడమా, లేక రోగం ఉన్నదనే భావించి చికిత్స చేయడమా అన్నదానిపై పెంపకందార్లు రెండు వర్గాలుగా చీలి ఉన్నారు. చూస్తూ ఉండేవారు చేపకు అనవసరంగా విషం పట్టించకూడదంటారు. మంచి మాటే. కాని ఇదివరకు రోగం సోకి కొంత నిరోధకశక్తి సంపాదించిన చేప మొప్పలలో నాలుగైదు జీవులను దాచుకుని, వారాల తరబడి ఒక్క మచ్చ కూడా చూపకపోవచ్చు. కేవలం చూడటం ఆ చేప ముందు ఓడిపోతుంది.

ఈ చిక్కునుంచి మందు లేకుండానే బయటపడే దారి ఒకటున్నది. నాకు అన్నిటికన్న అందంగా కనిపించేది అదే. క్రిప్టోకారియన్ చేపను విడిచిన తరువాత దాని కోశం పగలడానికి కనీసం మూడు రోజులు పడుతుందని చెప్పుకున్నాం గదా. అయితే మూడు రోజులు నిండకముందే చేపను ఆరబెట్టి శుభ్రం చేసిన మరొక తొట్టిలోకి, కొత్తగా కలిపిన ఉప్పునీటిలోకి మార్చామనుకోండి. ఆలోగా రాలినవన్నీ పాత తొట్టిలోనే ఉండిపోతాయి. పగిలేసరికి అక్కడ చేప ఉండదు. ఇట్లా మూడేసి రోజులకొకసారి నాలుగుసార్లు మారిస్తే పన్నెండు రోజులవుతాయి. చేపమీద పరాన్నజీవి ఉండేది గరిష్ఠంగా ఏడు రోజులు గనుక, మొదట ఉన్నవన్నీ ఈలోగా దిగిపోయి ఉంటాయి; తిరిగి ఎక్కడానికి వాటికి సందు దొరికి ఉండదు. రెండు తొట్లు, రెండు గాలిగొట్టాలు ఉంటే చాలు, ఒకటి వాడుకలో ఉండగా రెండవది కడిగి ఎండలో పెట్టవచ్చు. ప్రతి మార్పులోను నీటిని వీలైనంత తక్కువగా తీసుకుపోవాలి. ఈ పద్ధతి తెల్లమచ్చకు మాత్రమే. వెల్వెట్‌కు, ఫ్లూక్‌లకు దీనిమీద భరోసా పెట్టకూడదు. అందుచేత పన్నెండు రోజుల తరువాత కూడా మిగిలిన వారాలు చేప విడిగానే ఉండాలి.

మందులలో పాతది, నమ్మకమైనది రాగి. మన తోటల్లో ద్రాక్షకు, తమలపాకుకు చల్లే బోర్డో మిశ్రమంలోని మైలుతుత్తమే దీనికీ మూలం. అట్లా అని పురుగుమందుల దుకాణంలోని మైలుతుత్తాన్ని చిటికెడు తెచ్చి వేయడం హత్యతో సమానం. నీటిలో స్వేచ్ఛగా ఉండే రాగి లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. అంతకు తగ్గితే పరాన్నజీవి చావదు. మించితే చేప చస్తుంది. ఇతర పదార్థాలతో బంధించి అమ్మే రాగిమందులకు లెక్క వేరు, వాటి సీసామీద రాసినదే ప్రమాణం. రాగి చర్మంలో దూరి ఉన్న జీవిని ముట్టదు, కోశంలో ఉన్నదాన్ని ముట్టదు. నీటిలో ఈదే పిల్లను మాత్రమే చంపుతుంది. అందుకే మూడు నుంచి ఆరు వారాలు ఆ మోతాదు ఒక్కరోజు కూడా తప్పకుండా నిలబెట్టాలి. రోజూ కొలవకుండా రాగి వాడేవారు అసలు వాడకపోవడమే మేలు. సొరచేపలకు, టేకు జాతి చేపలకు ఇది పడదు. పగడాలకు, రొయ్యలకు, నత్తలకు సాక్షాత్తు విషం. కాబట్టి ప్రధానమైన తొట్టిలో దీనిని ఎన్నటికీ పోయకూడదు. ఫిల్టర్‌లో బొగ్గు ఉంటే తీసివేయాలి, లేకుంటే మందు దానిలోకే పోతుంది. అమ్మోనియాను అణచే కొన్ని ద్రవాలు రాగితో కలిస్తే ప్రమాదం గనుక రెండింటినీ ఒకేచోట చేర్చకూడదు.

ఉప్పు తగ్గించే పద్ధతి మరొకటి. లీటరుకు 35 గ్రాముల ఉప్పుండే సముద్రజలాన్ని క్రమంగా 15, 16 గ్రాములకు దించి మూడు నాలుగు వారాలు ఉంచితే తెల్లమచ్చ కోశాలు నిలవలేవు. కాని కొలత కచ్చితంగా ఉండాలి. రెండు గ్రాముల తేడాతో శ్రమంతా వ్యర్థమవుతుంది. తక్కువ ఉప్పునీటికి అలవాటుపడిన తెగలు కూడా ఈ పరాన్నజీవిలో లేకపోలేదు.

ఇవేవీ చేయనక్కరలేదు, మేతలో వెల్లుల్లి రసం కలిపితే చాలునని చెప్పేవారికి కొదువ లేదు. వెల్లుల్లి వల్ల మేతకు రుచి పెరిగి చేప మరి నాలుగు మెతుకులు తింటే తినవచ్చు గాని, చర్మం లోపల ఉన్న జీవిని అది చంపుతుందనడానికి నమ్మదగిన రుజువు లేదు. చేపల ఒళ్ళు శుభ్రం చేసే క్లీనర్ రొయ్యను, క్లీనర్ రాస్ చేపను తెచ్చి వదలడం ఇంకొక చిట్కా. రాస్ చేప సముద్రంలో ఎక్కువగా తినేది నేథియిడ్‌లనే చిన్న చిన్న రక్తం పీల్చే పురుగులను. చర్మపు పొర కింద దాగిన క్రిప్టోకారియన్ దాని మూతికి అందదు. పైగా ఆ రాస్ కూడా ఒక కొత్త చేపే అన్న సంగతి మరచిపోతుంటారు.

కొత్తగా వచ్చేది చేప మాత్రమే కాదు. దుకాణంలో చేపలున్న నీటిలో పెరిగిన పగడపు ముక్క, నత్త గుల్ల, చారెడు ఇసుక కూడా కోశాలను మోసుకురాగలవు. వాటికి రాగి పనికిరాదు గనుక చేపలు లేని వేరే తొట్టిలో ఆ 76 రోజులూ గడపడమే వాటికి శుద్ధి. తడి వల, తడి చెయ్యి, ఒక తొట్టినుంచి మరొక తొట్టికి వాడే గొట్టం ఇవన్నీ వాహకాలే. వెల్వెట్ పిల్లలు నీటి తుంపరలతో పాటు గాలిలో ప్రయాణించి పక్క తొట్టిలో పడగలవని ప్రయోగాలు నిరూపించాయి. అందుచేత బుడగలు చిందే ఏకాంతవాసపు తొట్టిని ప్రధానమైన తొట్టికి ఆనించి పెట్టడం కన్న, వేరే గదిలో పెట్టడం ఉత్తమం. రోజూ మేత వేసేటప్పుడు ముందు పాత చేపలకు, ఆ తరువాతనే కొత్త చేపకు వేసే అలవాటు చేసుకుంటే చెయ్యి కడుక్కోవడం మరచిపోయినా కీడు తక్కువ.

పరిశోధనాగారంలో ఈ తెల్లమచ్చ జీవిని తరం వెంట తరం పెంచుతూ పోతే సుమారు 34 తరాల తరువాత దాని బలం ఉడిగి సోకలేకపోయిందని 1990ల నాటి ప్రయోగాలలో కనుగొన్నారు. తమ తొట్టిలో మచ్చలు ఒకప్పుడు వచ్చి వాటంతట అవే పోయాయని కొందరు చెప్పడానికి ఇది కొంతవరకు కారణం కావచ్చును. కాని ఏడాదికి నాలుగు కొత్త చేపలు తెచ్చే ఇంట్లో ఆ ముసలితనం దానికి ఎప్పటికీ రాదు. ప్రతి కొత్త చేపతోను కొత్త రక్తం వచ్చి చేరుతుంటుంది.

ఖర్చు గురించి కూడా చెప్పాలి. చిన్న తొట్టి, పంపు, హీటర్, పరీక్ష సామగ్రి కలిపినా సాధారణంగా ఒక మంచి టాంగ్ చేప ధరకు అటూ ఇటూగా ఉంటాయి. ఒకసారి కొంటే ఏళ్ళ తరబడి పనిచేస్తాయి. అసలు ఖర్చు ఓపిక. పిల్లలు పేరు పెట్టిన చేప ఆరు వారాలపాటు గొట్టపు ముక్కల మధ్య, వెనకగదిలో ఉంటుంది. అయితే ఆ ఆరు వారాల్లోనే అది చేతిలోని మేతను గుర్తుపట్టడం, పోటీ లేకుండా కడుపునిండా తినడం నేర్చుకుంటుంది. ఒక చిన్న పుస్తకంలో రోజూ మూడు సంగతులు రాసుకోవడం మంచిది. నిమిషానికి ఎన్నిసార్లు మొప్పలు ఆడించింది, ఎంత తిన్నది, దేనికైనా ఒళ్ళు రుద్దుకున్నదా. మచ్చ కనిపించడానికి ఎంతో ముందే మొప్పల లెక్క పెరుగుతుంది.

గడువు నిండిన రోజు తొట్టి దీపాలు ఆర్పి, సాయంత్రం వేళ చేపను వలతో కాక ప్లాస్టిక్ డబ్బాతో పట్టి, దానితో పాటు ఒక్క చెంచా నీరు కూడా పోనీయకుండా ప్రధానమైన తొట్టిలోకి వదలాలి. దానికి ముందు రెండు మూడు రాళ్ళు అటూ ఇటూ జరిపితే పాత చేపలు తమ సరిహద్దులు మళ్ళీ వెదుక్కునే పనిలో పడి కొత్తదాన్ని తరమడం కాస్త తగ్గిస్తాయి. ఖాళీ అయిన చిన్న తొట్టిని, గొట్టపు ముక్కలను, వలను మంచినీటితో కడిగి, పూర్తిగా ఎండేదాకా రెండు రోజులు ఎండలో ఉంచాలి. ఎండిన కోశం బ్రతకదు. రాగి వాడి ఉంటే ఆ స్పాంజిని మాత్రం తిరిగి ప్రధానమైన తొట్టి ఫిల్టర్ గదిలో వేయకూడదు. దానిమీద గుర్తు వేసి విడిగా పెట్టుకుని, తరువాతి చేపకోసం వేరొక స్పాంజిని ఆ రోజే నానవేయాలి.